ఉల్లేఖముల తక్కెడ

పండితుని గొప్పదనమును అంకెలలో చూపవలెనను కోరిక విశ్వవిద్యాలయములలో నానాటికి బలపడుచున్నది. ఎన్ని వ్యాసములు వ్రాసెను, వానిని ఇతరులు ఎన్నిమారులు ఉల్లేఖించిరి అను రెండు ప్రశ్నలకు జవాబు దొరికినచో ఆ మనుష్యుని తూచివేసినట్లే యని పెక్కుమంది తలంపు. ఈ తక్కెడలో రోజరు బార్కరు వంటి వానిని ఉంచి చూచినచో తక్కెడ గుట్టే బయటపడును.

బార్కరు (1903–1990) అమెరికా దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు. పక్షులను పరిశీలించువారు అడవికి పోయి కూర్చుందురు. పిల్లలను పరిశీలించువారు మాత్రము వారినే ప్రయోగశాలకు పిలిపించుకొందురు. ఇది ఆయనకు సరిపడలేదు. జీవావరణ శాస్త్రపు పద్ధతిని మనస్తత్త్వ శాస్త్రములోనికి తెచ్చి, 1947లో కాన్సస్ రాష్ట్రమందలి ఓస్కలూసా అను చిన్న ఊరిలో హెర్బర్టు రైటుతో కూడి ఒక పరిశీలన కేంద్రమును నెలకొల్పెను. తానును కుటుంబముతో అక్కడనే కాపురము పెట్టెను. ఆ కేంద్రము 1972 వరకు, అనగా 25 ఏండ్లు నడచినది.

1951లో అక్కడినుండి వెలువడిన ఒక గ్రంథము ఆసాంతము ఒక ఏడేండ్ల బాలుని ఒక్కనాటి దినచర్యయే. వాడు నిద్ర లేచినది మొదలు పడుకొనువరకు ఎనిమిదిమంది వంతులవారీగా వెంట నుండి వ్రాసికొన్నది. పుటలు 400కు పైబడినవి! కాని ఇట్టి రాశులనుండియే ఒక సత్యము తేలినది. పిల్లవాడెట్లు నడచుకొనునో వాని స్వభావమును బట్టి కంటె వాడున్న చోటును బట్టియే ఎక్కువగా చెప్పవచ్చును. తరగతిలో ఒక తీరు, ఆటస్థలములో మరియొక తీరు. ఒకే చోట చేరిన వేర్వేరు పిల్లలు మాత్రము ఇంచుమించు ఒకే తీరు.

ఉపాధ్యాయులకు దగ్గరి విషయము 1964లో పాల్ గంపుతో కలిసి ఆయన ప్రచురించిన ‘పెద్ద బడి, చిన్న బడి’. కాన్సస్‌లోని ఉన్నత పాఠశాలలను, 35 మంది విద్యార్థులున్నదాని మొదలు 2,000 దాటినదాని వరకు, వారు పరిశీలించిరి. పెద్ద బడిలో కార్యక్రమములు ఎక్కువే. కాని అందు బాధ్యత వహించు విద్యార్థులు తక్కువ. చిన్న బడిలో నాటకము వేయవలెనన్నచో మందమతి యని పేరుపడిన వానిని కూడ పిలువక తప్పదు. వాడు రానిచో తెర లాగువాడు ఉండడు. పెద్ద బడిలో వాడు ప్రేక్షకుడుగా మిగిలిపోవును.

ఇక తక్కెడ కథ. 1955లో యూజీను గార్ఫీల్డు ఉల్లేఖముల పట్టిక నొకదానిని ప్రతిపాదించెను. న్యాయవాదులు ఒక పాత తీర్పును తరువాతి న్యాయస్థానములు నిలిపినవో కొట్టివేసినవో చూచుకొను పుస్తకమే దానికి మాతృక. ఒక వ్యాసమును ఆ తరువాత ఎవరు విమర్శించిరో చదువరికి సులభముగా తెలియవలెనన్నది ఆయన ముఖ్యోద్దేశములలో నొకటి. చదువరి కొరకు పుట్టిన సాధనము రచయితల తూకపురాయి యైనది! ఖండించుటకై పేర్కొన్నను, మెచ్చి పేర్కొన్నను ఆ రాతికి ఒకే బరువు. మన మల్లినాథసూరి అడుగడుగునను కోశములను పేర్కొనెను, అది సాక్ష్యమునకు. ఆ ఉల్లేఖములను లెక్కించి అమరసింహుని హోదాను నిర్ణయింపవలెనని ఎవరికిని తోచలేదు.

విజ్ఞాన శాస్త్రముల పట్టిక 1964లో వచ్చినది. సాంఘిక శాస్త్రముల పట్టిక 1973లో, ఓస్కలూసా కేంద్రము మూతపడిన మరుసటి యేడు వచ్చినది. ఆ పట్టికలు చాలకాలము పత్రికలలోని వ్యాసములనే గాలించినవి. ఒక గ్రంథము మరియొక గ్రంథమును పేర్కొన్నచో ఆ సంగతి వాని కంటబడలేదు. 2005లో హిర్షు అను భౌతిక శాస్త్రజ్ఞుడు మరియొక కొలత కనిపెట్టెను. ఒక్కొక్కటి 20 మారులకు తక్కువ కాకుండ ఉల్లేఖింపబడిన రచనలు 20 ఉన్నచో, ఆ పండితుని అంకె 20. దీని ఫలితమేమి? జన్మలో ఐదు గ్రంథములే వ్రాసినవానిని వేలమంది పేర్కొన్నను వాని అంకె ఐదు దాటదు. ఒక్కొక్క శాస్త్రములో ఉల్లేఖించు ఆచారము ఒక్కొక్క తీరని హిర్షునకును తెలియును. రెండు శాస్త్రముల గట్టుపై నిలిచినవానిని ఏ ఆచారముతో కొలుతురు?

అంకె వలన మేలు లేదనరాదు. వందలకొలది అభ్యర్థులలో ఒకరిని ఏరవలసినప్పుడు బంధుప్రీతికంటెను, సిఫారసు ఉత్తరముకంటెను అంకె నయము. మన దేశమున విశ్వవిద్యాలయ ధనవినియోగ సంఘము 2010లో అధ్యాపకుల పదోన్నతికి మార్కుల పద్ధతి తెచ్చినప్పుడు ఈ వాదమునకు బలము లేకపోలేదు. కాని మార్కులకై వ్రాసిన వ్యాసములను ఎవరు చదువుదురు? ఒక చిన్న ఊరిలో కాపురముండి పిల్లల వెంట తిరుగుటకు 25 ఏండ్లు కావలెనని నేడొక యువకుడు అడిగినచో, మొదటి మూడేండ్లలో ఎన్ని వ్యాసములు వచ్చునని అతనిని అడుగుదురు. అతడు ఊరు మాని, వ్యాసములు వచ్చు విషయము నొకటి చూచుకొనును.

బార్కరు పుస్తకము చదివి, వెనుక బల్లపై కూర్చున్న పిల్లవానికి తెర లాగు పని యిచ్చిన ఉపాధ్యాయుడు దానిని గూర్చి ఏ పత్రికకును వ్యాసము పంపడు. ఏ పట్టికయు ఆ పనిని ఎక్కించుకొనదు.