గేటు దాటి లోపలికి వెళ్లి అడగండి

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. దరఖాస్తు కోసం కళాశాల కళాశాలకూ తిరగవలసిన శ్రమ తప్పింది. గ్రామీణ దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల విద్యార్థులకు అది మేలే. అయితే కళాశాలను కంటితో చూడకుండానే, నెట్ సెంటర్ నిర్వాహకుడు చెప్పిన పేర్లకు వెబ్ ఆప్షన్లు ఇచ్చే అలవాటూ దాంతోపాటే వచ్చింది.

తరతరాలుగా చదువుకున్న కుటుంబాల పిల్లలకు కళాశాలల సమాచారం ఇంట్లోనే దొరుకుతుంది. మేనమామో, అక్కో అక్కడ చదివి ఉంటారు. తండ్రి స్నేహితుడు అక్కడే పాఠాలు చెబుతుంటారు. ఈ పరిచయాలు కూడా కులం ఇచ్చిన ఆస్తే. రిజర్వేషన్ సీటు ఇవ్వగలదు గానీ ఈ ఆస్తిని పంచిపెట్టలేదు. మొదటితరం విద్యార్థి ఆ లోటును కొంతైనా పూడ్చుకోవాలంటే ఆప్షన్లు ఇవ్వకముందే స్వయంగా వెళ్లి చూడాలి. సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగినవారు వెస్లీ కళాశాలను, మారేడ్‌పల్లిలోని కస్తూర్బా గాంధీ మహిళా కళాశాలను, బషీర్‌బాగ్‌లోని నిజాం కళాశాలను ఒక్కరోజులో చూసి రావచ్చు.

భవనాలు, కంప్యూటర్ ల్యాబులు ఎవరైనా చూపిస్తారు. మీరు అడగవలసినవి వేరే ఉన్నాయి. సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012 నిబంధనలు చెప్పాయి. ఆ అధికారి ఎవరు, ఎక్కడ కూర్చుంటారు అని ఆఫీసులో అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే, ఆ విభాగం కాగితం మీదే ఉందని అనుమానించవచ్చు.

రెండవది ఫీజు. రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబరులో రాష్ట్రంలోని ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించాయి. ప్రభుత్వం చెల్లించనప్పుడు ఆ ఒత్తిడి తరచూ విద్యార్థి మీదే పడుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లను అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లో స్పష్టం చేసింది. అక్కడ ఆచరణ ఎలా ఉందో చివరి సంవత్సరం విద్యార్థులే చెప్పగలరు.

మూడవది హాస్టల్. ఢిల్లీ ఎయిమ్స్‌పై 2007లో నివేదిక ఇచ్చిన థోరట్ కమిటీ, వేధింపులు భరించలేక ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు హాస్టల్ పై అంతస్తులకు చేరిన తీరును నమోదు చేసింది. మన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి బహిష్కృతులైన ఐదుగురు దళిత పరిశోధకులలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. పేరున్న విద్యాసంస్థలో సీటు వచ్చినంత మాత్రాన గౌరవం దానంతట అదే రాదు. మెస్‌లో ఎవరు ఎవరితో కలిసి తింటున్నారో, గదులు ఏ పద్ధతిలో కేటాయిస్తున్నారో గమనించండి. మీ జిల్లా నుంచి, మీ సామాజిక వర్గం నుంచి వచ్చిన సీనియర్లతో అధ్యాపకులు లేనిచోట మాట్లాడండి.

ఇది విద్యార్థి ఒక్కడి బాధ్యతగా మిగిలిపోకూడదు. కూలి కుటుంబానికి నగర ప్రయాణమంటే బస్సు చార్జీతోపాటు ఒకరోజు కూలి కూడా పోవడమే. సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు ఇంటర్ రెండవ సంవత్సరం విద్యార్థులను దోస్త్ మొదటి విడతకు ముందే కళాశాలలకు తీసుకువెళ్లాలి. కళాశాలలు కూడా అందుకు ఒక రోజు కేటాయించి, తమ దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థులతో స్వేచ్ఛగా మాట్లాడనివ్వాలి. మూడేళ్ల జీవితాన్ని అప్పగించే ముందు ప్రశ్నించడం ప్రతి విద్యార్థి హక్కు.