చిల్లీ చివర వై రాస్తే నవ్వాలా?



పోయిన నెలలో ఏడో తరగతిలో జరిగిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఇంట్లో రోజూ వాడే మాట ఒకటి తీసుకొని ఇంగ్లీషులో సొంత వాక్యం రాయమన్నారు. చాలామంది గైడులో ఉన్నదే దించేశారు. "ది టేబుల్ ఈజ్ ఇన్ ది రూమ్" అని పదిమంది దాకా రాశారు. మనలో ఎంతమంది ఇళ్లల్లో టేబుల్ ఉందో నాకైతే తెలియదు. ఒక తమ్ముడు మాత్రం గైడు ముట్టుకోకుండా వాళ్లమ్మ గురించి రాశాడు. "మై మదర్ ఈజ్ పికింగ్ చిల్లీ" అని. మా అమ్మ మిరపకాయలు కోస్తోంది అని వాడి భావం. కాకపోతే చిల్లీ అనే మాటకి చివర ఐ రాయాల్సిన చోట వై రాశాడు. చివర వై ఉంటే ఆ మాటకి చలిగా ఉంది అని అర్థం.

ఇంకేముంది, "వాళ్లమ్మ చలిని కోస్తోందంట!" అని ఒకడు అరిచాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి వాడి పేరు చలిగాడు అయిపోయింది. మెస్ దగ్గర పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడినా అదే పిలుపు. ఇప్పుడు వాడు ఇంగ్లీషు పీరియడ్లో చెయ్యి ఎత్తడం మానేశాడు. మొన్న సొంత వాక్యం అడిగితే "ది టేబుల్ ఈజ్ ఇన్ ది రూమ్" అని రాసిచ్చాడంట.

ఈ వ్యాసం వాడి కోసం రాస్తున్నాను. నవ్విన వాళ్ల కోసం కూడా రాస్తున్నాను. మాటని సరిగ్గా రాయడం మనం నేర్చుకోవాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ తప్పు రాసిన వాడిని చూసి నవ్వితే ఇద్దరికీ చదువు రాదు. రాసిన వాడు రాయడం మానేస్తాడు, నవ్విన వాడు తనకంతా వచ్చనుకొని ఆగిపోతాడు.

ముందు తప్పు సంగతి చూద్దాం. మిరపకాయకి ఇంగ్లీషు మాట సి, హెచ్, ఐ, రెండు ఎల్లులు, ఐ. ఒకటి కంటే ఎక్కువైతే చివర ఐ, ఈ, ఎస్ వస్తాయి. చలిగా ఉంది అనడానికి చివర వై. "టుడే ఈజ్ చిల్లీ" అంటే ఇవాళ చలిగా ఉంది. పలికేటప్పుడు రెండూ ఒకేలా వినపడతాయి, రాసేటప్పుడే తేడా. గుర్తుపెట్టుకోవడానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. ఐ అక్షరం సన్నగా, నిలువుగా మిరపకాయలాగే ఉంటుంది, పైన చుక్క తొడిమలాగా. వై చూస్తే చలికి రెండు చేతులూ పైకెత్తి వణికేవాడిలాగా ఉంటుంది. నవ్వితే నవ్వండి గాని ఇక మర్చిపోరు.

మన గుంటూరు సన్నం మిరపకాయకి ప్రభుత్వం ఇచ్చిన భౌగోళిక గుర్తింపులో కూడా "గుంటూరు సన్నం చిల్లీ" అని ఐ తోనే ఉంది. కాబట్టి సరైన స్పెల్లింగు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మన ఊరి పంట పేరే మనకి డిక్షనరీ.

ఇప్పుడు అసలు సంగతి. ఆ తమ్ముడి వాక్యంలో ఇంకో తప్పు కూడా ఉంది. నవ్విన నలభై మందిలో ఒక్కరికీ అది కనపడలేదు! వాడు స్పెల్లింగు సరిగ్గా రాసినా "పికింగ్ చిల్లీ" అంటే కుదరదు. "మై మదర్ ఈజ్ పికింగ్ చిల్లీస్" అని బహువచనం రాయాలి. ఎందుకంటే ఇంగ్లీషులో మిరపకాయలు లెక్కపెట్టే వస్తువులు. ఎ చిల్లీ, టూ చిల్లీస్, ఎ బ్యాగ్ ఆఫ్ చిల్లీస్.

వాడెందుకు అలా రాశాడో నాకు తెలుసు. మన ఇళ్లల్లో అలాగే అంటాం. "అమ్మ కాయ కోతకి పోయింది" అంటాం, కాయల కోతకి అనం. "కాయ ఎర్రబారింది", "కల్లంలో కాయ ఆరబోశాం" అంటాం. చేనంతా వేల కాయలున్నా మనకది ఒక్క కాయే. గుంటూరు యార్డులో కూడా "మిర్చి ధర పెరిగింది" అంటారు గాని మిర్చిల ధర అనరు. అంటే ఆ తమ్ముడు తెలివితక్కువగా రాయలేదు, వాళ్లమ్మ మాట్లాడే మాటనే ఇంగ్లీషులో పెట్టాడు. తెలుగులో ఒప్పు, ఇంగ్లీషులో తప్పు. ఈ తేడా చెబితే చాలు, జన్మలో మర్చిపోడు.

పత్తి దగ్గరికొస్తే వ్యవహారం తిరగబడుతుంది. కాటన్ లెక్కపెట్టే మాట కాదు. బియ్యం, నీళ్లు లాంటిది. "మై ఫాదర్ గ్రోస్ కాటన్" అనాలి, కాటన్స్ అనకూడదు. నేను నవ్విన వాళ్ల నోట్ బుక్కులు కొన్ని అడిగి చూశాను. రెండింటిలో కాటన్స్ ఉంది. ఒకదాంట్లో "చిల్లీస్ పౌడర్" ఉంది. పొడి ఎన్ని కాయలు దంచి చేసినా పౌడర్ ముందు చిల్లీ అని ఏకవచనమే రావాలి. చిల్లీ పౌడర్, చిల్లీ ఫీల్డ్, చిల్లీ ప్లాంట్. ఆ నోట్ బుక్కులు ఎవరివో చెప్పను. చెబితే నేను కూడా అదే పని చేసినట్టవుతుంది. ఇంకోమాట, వార్డెన్ గారు కోప్పడకుండా ఉంటే చెబుతాను, మెస్ గోడ మీద సరుకుల బోర్డులో కూడా కారానికి వై తోనే రాసి ఉంది. దాన్ని చూసి ఇన్నాళ్లూ ఎవరూ నవ్వలేదు. పెద్దవాళ్లు రాస్తే కనపడని తప్పు చిన్నవాడు రాస్తే ఎలా కనపడిందో ఆలోచించండి.

ఇక కారం అనే మాట చూడండి. మనకి కారం అంటే రుచి, కారం అంటే పొడి కూడా. "కూరలో కారం వెయ్యి" అన్నప్పుడు అది చిల్లీ పౌడర్. "కూర కారంగా ఉంది" అన్నప్పుడు హాట్. ఇంగ్లీషు వాళ్ల ఇబ్బంది ఇంకోటి. వేడికీ కారానికీ వాళ్లకి హాట్ అనే ఒక్క మాటే. "ది కర్రీ ఈజ్ హాట్" అంటే ఊదుకొని తినాలో, పెరుగు కలుపుకోవాలో తెలియదు. చుట్టూ ఉన్న మాటల్ని బట్టే తెలుసుకోవాలి. స్పైసీ అంటే కొంత నయం, కానీ అందులో మసాలా కూడా కలుస్తుంది. మనకి రెండు మాటలున్నచోట వాళ్లకి ఒకటి, వాళ్లకి రెండున్నచోట మనకి ఒకటి. ఎవరి భాషా తక్కువ కాదు. ఎక్కడ తేడా ఉందో తెలుసుకోవడమే ఇంగ్లీషు నేర్చుకోవడం అంటే.

కోతలకి పోయొచ్చిన రోజు రాత్రి అమ్మ చేతులు మండుతాయి. నీళ్లతో ఎంత కడిగినా తగ్గవు. ఆ మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే నూనో పెరుగో రాసుకుంటారు. ఇది ఇంగ్లీషులో రాయాలంటే "మై మదర్స్ హ్యాండ్స్ ఆర్ హాట్" అనకూడదు. అలా అంటే ఒళ్లు వెచ్చగా ఉందనుకుంటారు. "మై మదర్స్ హ్యాండ్స్ ఆర్ బర్నింగ్" అనాలి. ఈ వాక్యం ఏ గైడులోనూ దొరకదు. మనమే రాసుకోవాలి.

ఇప్పుడు మీకు ఒక వింత చెబుతాను. ఈ గొడవ గురించి అడిగితే మన ఇంగ్లీషు సారు ఫోనులో ఒక పాత నిఘంటువు పేజీ చూపించారు. దాని పేరు హాబ్సన్ జాబ్సన్. మన దేశంలో ఉన్న తెల్లవాళ్లు వాడే మాటలన్నీ ఏరి యూల్, బర్నెల్ అనే ఇద్దరు బ్రిటిష్ వాళ్లు తయారు చేశారు. 1886లో లండన్లో అచ్చయింది. అందులో మిరపకాయ మాటకి స్పెల్లింగు ఏమని ఉందో తెలుసా? చివర వై! అచ్చం మన తమ్ముడు రాసినట్టే. పైగా ఆ మాట దక్షిణ అమెరికాలోని చిలీ దేశం పేరు నుంచి వచ్చిందని రాశారు. అది పొరపాటు అని తర్వాత తేలింది. పెద్ద చదువులు చదివిన బ్రిటిష్ వాళ్లు తమ భాషలోనే అలా రాశారు. వాళ్లని ఎవరూ చలిగాళ్లు అనలేదు.

మరి ఆ మాట ఎక్కడిది? మెక్సికోలోని ఆదివాసులది. వాళ్ల భాష పేరు నావాట్ల్. చిల్లీ అనేది ఆ భాషలో మాట. టమాటా కూడా వాళ్ల మాటే. స్పెయిన్ వాళ్లు వాళ్ల దేశం మీద పడి పంటతోపాటు మాటనీ తీసుకున్నారు. వాళ్ల నుంచి ఇంగ్లీషు వాళ్లకి పోయింది. కాయ మాత్రం పోర్చుగీసు వాళ్ల ఓడల్లో సుమారు 500 ఏళ్ల కిందట మన దేశానికి వచ్చింది. అంతకుముందు మనవాళ్లకి కారమంటే మిరియాలే. 1492లో కొలంబస్ మిరియాల కోసం బయలుదేరి ఈ కాయని చూసి దీన్నీ మిరియమే అన్నాడు. అందుకే ఇప్పటికీ అమెరికాలో మిరపకాయని పెప్పర్ అని కూడా అంటారు. మనం మాత్రం పెప్పర్ అంటే మిరియాలనే రాయాలి. అమెరికా వాళ్లు చిల్లీని ఒకే ఎల్ తో రాస్తారు. మన పుస్తకాల్లో రెండు ఎల్లులు.

నావాట్ల్ భాషని ఇప్పటికీ పది లక్షల మందికి పైగా మాట్లాడుతున్నారు. మిత్రులారా, ఇది చదివాక నాకు చాలాసేపు ఏమీ తోచలేదు. మన హాస్టల్లో సుగాలీ పిల్లలకి ఇంట్లో మాట వేరు. ఎరుకల పిల్లలకి వేరు. వాళ్లకి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. తెలుగు తప్పు పలికారని మొదట్లో వాళ్లని చూసి నవ్వాం, ఇప్పుడు ఇంగ్లీషు అని నవ్వుతున్నాం. కానీ ప్రపంచమంతా రాసే ఈ మాట ఒక ఆదివాసీ అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఇంగ్లీషు వాళ్లు దాన్ని అప్పు తెచ్చుకొని, సరిగ్గా రాయడం చేతగాక ఒకసారి వై, ఒకసారి ఐ రాసుకుంటూ వచ్చారు. మరి మనం దేనికి సిగ్గుపడాలి?

కొందరు అంటారు, "నవ్వితేనే బుద్ధి వస్తుంది, లేకపోతే తప్పు దిద్దుకోరు" అని. అది నేను ఒప్పుకోను. నవ్వాక ఆ తమ్ముడు ఏం నేర్చుకున్నాడు? వాళ్లమ్మ గురించి రాయకూడదని నేర్చుకున్నాడు. ఇంకొందరు అంటారు, "ఇంగ్లీషు వాళ్లే వై రాశారు కదా, ఇక దిద్దడం ఎందుకు" అని. అదీ ఒప్పుకోను. 1886 నాటి రాత ఆనాటిది. ఇవాళ డిక్షనరీలో, మన పాఠ్యపుస్తకంలో ఐ ఉంది. పదో తరగతి పేపరు దిద్దేవాళ్లకి మన కథ తెలియదు, మార్కు పోతుంది. రేపు మనలో ఒకరు యార్డులో గుమస్తా అయినా, ఆఫీసరు అయినా బిల్లు మీద సరిగ్గా రాయాలి. దిద్దడం వేరు, వెక్కిరించడం వేరు. దిద్దేవాడు పక్కన కూర్చుంటాడు, వెక్కిరించేవాడు దూరంగా నిలబడతాడు.

అందుకని మూడు మనవులు చేస్తున్నాను.

ఒకటి, చలిగాడు అనే పిలుపు ఈ వ్యాసం చదివిన రోజు నుంచి మానేద్దాం. ముందు నేను మానేశాను. అవును, నేనూ ఒకసారి అలా పిలిచాను. వాడు తల దించుకొని పోయాడు.

రెండు, ఈ గోడపత్రికలో వారానికి ఒక ఇంటి మాట పెడదాం. రోలు, చేట, కుండ, పొయ్యి, కల్లం, ఏదైనా సరే. దానికి ఇంగ్లీషు మాట, అది లెక్కపెట్టేదో కాదో, మూడు సొంత వాక్యాలు రాద్దాం. గైడు వాక్యాలు వద్దు. ఇంగ్లీషు మాట లేకపోతే లేదని రాసి, ఆ వస్తువు ఏం పని చేస్తుందో రాద్దాం. సార్లు దిద్దిపెట్టమని కోరుతున్నాను.

మూడు, వార్డెన్ గారు దయచేసి మెస్ బోర్డు మీద ఆ ఒక్క అక్షరం మార్పించాలి. మార్చే పని ఆ తమ్ముడికే ఇవ్వాలని నా కోరిక. సుద్దముక్క వాడి చేతికిచ్చి, వై చెరిపేసి ఐ రాయమనండి. అందరూ చూస్తుండగా రాయమనండి.

సంక్రాంతి దాటితే కోతలు జోరందుకుంటాయి. మనలో చాలామంది అమ్మానాన్నలు చేలల్లోనే ఉంటారు. కొందరు పల్నాడు దాకా వలస పోతారు. పండక్కి ఇంటికి పోయినవాళ్లు కూలి డబ్బుల కోసం అక్కడే ఆగిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఇక్కడ వెక్కిరింపులు ఉంటే ఆగిపోవడానికి ఇంకో సాకు దొరుకుతుంది. ఆ తమ్ముడు పండగ తర్వాత తప్పకుండా తిరిగి రావాలి.

నవ్విన నాపచేనే పండుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. తమ్ముడూ, ఇది చదువుతుంటే నీకే చెబుతున్నాను. నీ వాక్యంలో ఒక అక్షరం మార్చి, చివర బహువచనం చేర్చు. "మై మదర్ ఈజ్ పికింగ్ చిల్లీస్." అంతే. ఆ రోజు క్లాసులో రాసిన వాక్యాలన్నిటిలో నాకు గుర్తున్నది అదొక్కటే.

ఇట్లు,
మీలో ఒకడు,
పదో తరగతి