నొప్పి లేదంటే పళ్లు బాగున్నట్టేనా?

మీ పళ్లు ఎలా ఉన్నాయి? 'బాగానే ఉన్నాయి' అనేసి ఉంటారు. ఎలా తెలుసంటే మనలో చాలామందిది ఒకటే జవాబు: నొప్పేం లేదుగా!

ఎమ్మిగనూరులో నా ఫ్రెండ్ కూడా ఇదే అనేవాడు. రెండేళ్లు తెల్లవారుజామునే లేచి గ్రౌండ్‌లో పరుగులు తీశాడు. ఆర్మీ ర్యాలీలో రన్నింగ్ పాసయ్యాడు. మెడికల్‌లో ఆగిపోయాడు, పళ్ల దగ్గర. చెబితే నవ్వుతారని చాన్నాళ్లు ఇంట్లో కూడా కారణం చెప్పలేదు.

ఆర్మీలో పళ్లకూ పాయింట్లుంటాయని మీలో ఎంతమందికి తెలుసు? జ్ఞానదంతాలతో సహా 32 పళ్లూ గట్టిగా ఉంటే 22 పాయింట్లు. కనీసం 14 రావాలి. పైపన్నుకు ఎదురుగా కింద పన్ను ఉంటేనే ఆ జతకు లెక్క. ముందు పళ్ల జతకు ఒక పాయింటు, చివరి పెద్ద దవడపళ్ల జతకు రెండు. జ్ఞానదంతాలు ఇంకా రాని కుర్రాడి లెక్క 18తోనే మొదలవుతుంది. వేర్వేరు జతల్లో మూడు పెద్ద దవడపళ్లు పోయాయనుకోండి, మిగిలేది 12. మావాడు ఒకటి ఇంటర్లోనే పీకించుకున్నాడు. ఇంకో రెండు పుచ్చిపోయి మొండేలు మిగిలాయి. కానీ ఏనాడూ నొప్పి పుట్టలేదు కాబట్టి వాడి దృష్టిలో పళ్లు బాగున్నట్టే.

తప్పు వాడొక్కడిదే అనను. పంటి పైపొర ఎనామిల్‌కు నరం ఉండదు. పుచ్చు అక్కడ మొదలైనా మనకు తెలియదు. నొప్పి తెలిసేసరికి అది లోపలి పొరలు దాటి నరం దాకా వెళ్లిపోయి ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, సర్వర్ పడిపోయాక వచ్చే అలర్ట్ అన్నమాట.

చిగుళ్ల సంగతి ఇంకా మోసం. అమెరికాలో 2009-12 మధ్య జాతీయ ఆరోగ్య సర్వేలో నిపుణులు స్వయంగా నోరు పరీక్షిస్తే, 30 దాటినవాళ్లలో దాదాపు 46 శాతం మందికి చిగుళ్ల జబ్బు బయటపడింది. నోట్లో ఎన్ని పళ్లున్నాయో అడిగితే మనుషులు దాదాపు సరిగ్గానే చెబుతారు. చిగుళ్లు ఎలా ఉన్నాయో మాత్రం చెప్పలేరు. దీనికి తోడు పొగాకు ఒకటి. సిగరెట్ తాగేవాళ్లకు చిగుళ్లలో రక్తనాళాలు కుంచించుకుపోయి, జబ్బున్నా రక్తం తక్కువగా కారుతుంది. ఆదోని పత్తి యార్డు బయట టీ బంకు దగ్గర దమ్ము కొడుతూ 'నాకు చిగుళ్లలో రక్తమే రాదబ్బా' అనే అన్న, తెలియకుండానే తప్పు సాక్ష్యం చెబుతున్నాడు.

దీనికి పూర్తిగా తిరగబడ్డ పొరపాటు కూడా మన సీమలో ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలుంటాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే చిన్న వయసులోనే ఆ మచ్చ పడుతుంది, తోముకోకపోవడం వల్ల కాదు. మచ్చలున్నంత మాత్రాన పన్ను పుచ్చినట్టు కాదు. అయినా ఇలాంటి పిల్లలు ఇంటర్వ్యూలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతారు. పక్క సీట్లో తెల్లటి పళ్లతో నవ్వుతున్నవాడికి రెండు పళ్ల సందులో పుచ్చు ఉండొచ్చు, అది వాడికే తెలియదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లూ పళ్ల రంగు చూసి మనిషి శుభ్రతను కొలవడం మానుకుంటే బాగుంటుంది.

ప్రైవేటు ఉద్యోగమే కదా, మెడికల్ గొడవ లేదు అనుకుంటున్నారా? కంపెనీలిచ్చే హెల్త్ ఇన్సూరెన్స్‌లో ప్రమాదంలో దెబ్బతింటే తప్ప పళ్ల వైద్యం సాధారణంగా ఉండదు. బెంగళూరులో మొదటి జీతం రూట్ కెనాల్‌కు పెట్టినోణ్ణి, నా మాట నమ్మండి.

కాబట్టి నోటిఫికేషన్ పడ్డాక కాదు, ఫైనలియర్‌లో ఉండగానే ఒకసారి చూపించుకోండి. కర్నూలు పెద్దాసుపత్రిలో దంత విభాగం ఉంది. కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడు ఒక పూటలో ఫిల్లింగ్ అయిపోతుంది, నరం దాకా పోతే వారాలు తిరగాలి. దవడపన్ను పీకేద్దామని ఎవరైనా అంటే, 'దీన్ని నిలబెట్టే దారి ఏదైనా ఉందా సార్' అని అడిగాకే కుర్చీలో వెనక్కి వాలండి.