లోపలి మూల ఎవరు చూస్తారు?

రీల్స్‌లో స్విస్ వాచీల వీడియోలు మీకూ తగిలే ఉంటాయి. గోరంత ఉక్కు ముక్క అంచును ఒకాయన పుల్లతో గంటల తరబడి రుద్దుతుంటాడు. "దీనికి లక్షలా!" అనుకుని పైకి జరిపేస్తాం. అసలు విషయం ఆ పుల్ల దగ్గరే ఉంది.

స్విట్జర్లాండ్‌లో ఫిలిప్ దుఫోర్ అని ఒక పెద్దాయన. ఫ్యాక్టరీ లేదు, చిన్న వర్క్‌షాపే. 2000లో ఆయన తెచ్చిన 'సింప్లిసిటీ' వాచీ గంట, నిమిషం, సెకను చూపిస్తుంది, అంతే. చేసినవి రెండొందల పైచిలుకు. అక్కడ వాడే పుల్ల, కొండల్లో పెరిగే జెన్షన్ అనే మొక్క ఎండు కాడ. దానికి డైమండ్ పేస్టు రాసి అంచులకు నునుపు తెస్తారు.

రెండు అంచులు లోపలికి కలిసే మూల ఉంటుంది చూడండి, మెషీన్ దొరికిపోయేది అక్కడే. తిరిగే కట్టర్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూలనూ గుండ్రంగానే వదులుతుంది. అది సూదిమొనలా కలిసిందంటే ఆకురాయి పట్టిన చెయ్యి పని చేసినట్టే. వాచీల పిచ్చోళ్లు భూతద్దం పెట్టి ముందు వెతికేది దాన్నే.

నిజం చెప్పాలంటే, ఆ మెరుపులో కొంత షోకు కూడా ఉంది. షోకు కాని పని ఒకటుంది. దాన్ని నేను భద్రాచలంలో చూశాను.

మా తాతయ్య సింగరేణి షిఫ్టులకు కట్టుకెళ్లిన హెచ్‌ఎంటీ జనతా ఆగిపోయింది. కీ ఇచ్చే వాచీ, 17 జువెల్స్. లోపలి బ్యాలెన్స్ చక్రం సెకనుకు 5 సార్లు కొట్టుకుంటుంది, అంటే రోజుకు 4,32,000 సార్లు. ఆ బరువంతా మోసే ఇరుసు మొన మందం మిల్లీమీటరులో పదోవంతు దగ్గర్లో ఉంటుంది. ఎండిన ఆయిలూ దుమ్మూ కలిసి దాన్ని గీకేశాయి.

"కొత్తది వేసేయండి బాబాయ్" అన్నాను.

"కంపెనీ ఎక్కడుంది బాబూ? చచ్చిన వాచీల్లోంచి పీకాల్సిందే. ఉన్నదాన్నే బాగు చేద్దాం."

1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ సాయంతో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల కథకి 2016లో కేంద్రం ముగింపు పలికింది మరి.

చేత్తో తిప్పే చిన్న లేత్ లాంటి దాంట్లో ఇరుసు పెట్టి, నున్నటి ఉక్కు పట్టీతో ఒత్తుతూ తిప్పాడు. ఇది అరగదీయడం కాదు. పైపొరను అణచడం. గీతలు పోతాయి, పైపొర గట్టిపడుతుంది. దుఫోర్ లాంటివాళ్లూ ఇరుసుకి చేసేది ఇదే. కాస్త ఎక్కువైతే మొన సన్నబడి రాయి రంధ్రంలో వదులైపోతుంది. గిట్‌లోలాగా పాత వెర్షన్‌కి వెళ్లే దారి లేదు. తర్వాత వెదురు పుల్ల చెక్కి, ఆ రంధ్రాలు శుభ్రం చేశాడు. జెన్షన్ లేకపోతేనేం, ఏజెన్సీలో వెదురుకి కరువా!

మూడు గంటల పనికి మూడొందల యాభై తీసుకున్నాడు. ఇంకో వంద ఇవ్వబోతే వద్దన్నాడు. కూడు పెట్టేది బ్యాటరీలు మార్చడమేనట. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు ఆరు నెలలకే ఫోన్ డిస్‌ప్లేలు మార్చే షాపుకెళ్లిపోయాడు. నేనైనా అదే చేసేవాణ్ని. కానీ బాబాయ్ ఎడమ కంట్లో శుక్లం మొదలైంది. ఆ లేత్ ముందు ఆయన తర్వాత కూర్చునేవాళ్లు ఆ బజార్లో ఎవరూ లేరు.

వాచీ రోజుకి ఇరవై సెకన్లు ముందుకెళ్తోంది. ఫోన్ చేసి చెబితే, "పది రోజులు చేతికి కట్టి తీసుకురా, అప్పుడు సరిచేస్తా" అన్నాడు.