క్రీడారంగం: పది సెకన్ల పందెం, ఒక కుడిచేయి

మోటారు పందెమనగానే వలయాకారపు బాటపై గంటల తరబడి సాగే పరుగు మన మనస్సులో మెదులుతుంది. అమెరికాలో పుట్టిన డ్రాగ్ రేసింగ్ అట్టిది కాదు. బాట తిన్ననిది, పొడవు పావు మైలు, అనగా 402 మీటర్లు. పక్కపక్కన రెండు కార్లు నిలుస్తాయి. దీపస్తంభంపై పచ్చదీపం వెలగగానే రెండూ దూకుతాయి. అవతలి గీత ముందుగా దాటినది గెలిచినట్లు. 1960ల నాటి మేటి కర్మాగారపు కార్లకు ఇదంతా పది, పదకొండు సెకన్ల పని.

రెండవ ప్రపంచయుద్ధానంతరం కాలిఫోర్నియా యువకులు రహదారుల మీదనే ఇట్టి పందేలు వేసుకుని ప్రాణాలు పోగొట్టుకుంటున్న రోజులలో, వాలీ పార్క్స్ అనే పత్రికా సంపాదకుడు 1951లో ఎన్.హెచ్.ఆర్.ఎ. అనే సంస్థను నెలకొల్పి, పందేలను రోడ్డు నుండి ప్రత్యేకమైన బాటల మీదికి మళ్లించారు. (సెలవు దినాలలో డూమస్ రోడ్డు మీద మోటారు సైకిలు వేగాన్ని పరీక్షించుకోవాలని ఉబలాటపడే మన కాలనీ కుర్రవాళ్లు ఈ సంగతి గమనించగలరు.)

ఈ క్రీడలో ఒక శాఖ కార్ల కర్మాగారాల అండతో పెరిగింది. మధ్యతరగతి కుటుంబం కొనే మోస్తరు కారులో అతిపెద్ద ఇంజను బిగించి అమ్మితే దానిని అక్కడ మజిల్ కార్ అంటారు. క్రైస్లర్ కంపెనీ 1964లో తెచ్చిన 426 ఘనపుటంగుళాల హెమీ ఇంజను సుమారు ఏడు లీటర్లది. మనమెరిగిన మారుతి 800 ఇంజన్లు దాదాపు తొమ్మిదింటి పరిమాణం ఆ ఒక్క ఇంజనుది. దహనగది అర్ధగోళాకారంలో ఉండడం చేత దానికి ఆ పేరు వచ్చింది. ఆదివారం పందెంలో గెలిచిన కారు సోమవారం దుకాణంలో అమ్ముడుపోతుందని అక్కడి వ్యాపారుల నమ్మిక. అందుచేత కంపెనీలు తమ కార్లను, విడిభాగాలను, ధనాన్ని కొందరు ఎంపిక చేసిన డ్రైవర్లకు ఇచ్చేవి. లాభం లేదనుకున్ననాడు అంతే తేలికగా చేయి విడిచేవి. అట్టి అండ నడుమ, అది తొలగిన పిదప, ఒక డ్రైవరు జీవితం ఎట్లు నడిచిందో రానీ సాక్స్ వృత్తాంతం చెబుతుంది.

సాక్స్ 1938లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని బర్లింగ్టన్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. మొదట తనకు ప్రత్యర్థిగా ఉండిన బడీ మార్టిన్‌తో 1960ల ఆరంభంలో జత కట్టారు. మార్టిన్ వ్యవహారాలు చూసేవారు, సాక్స్ కారు నడిపేవారు, జేక్ కింగ్ ఇంజన్లు సిద్ధం చేసేవారు. 1963లో వారిది షెవర్లే కారు. ఆ ఏడాది జనవరిలోనే షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ పందేలతో సంబంధం తెంచుకుంటున్నట్లు ఆజ్ఞ జారీ చేసింది. 1964లో ఫోర్డ్ వారి మెర్క్యురీ కామెట్‌కు మారి, కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన వింటర్ నేషనల్స్‌లో తమ తరగతి విజేతగా నిలిచారు. 1965లో క్రైస్లర్ వారి ప్లిమత్ కారు. మూడేళ్లలో మూడు సంస్థలు. కార్లు మారాయి గాని గేరుకర్ర మీది చేయి మాత్రం ఒక్కటే.

ఆ చేయి మహిమ ఏమిటో చెప్పాలి. క్రైస్లర్ కార్లు నడిపినవారిలో పలువురు ఆటోమేటిక్ గేర్‌బాక్సును నమ్ముకునేవారు. అందులో పొరపాటుకు తావు తక్కువ. సాక్స్ పేరు మాత్రం నాలుగు గేర్ల మాన్యువల్ పెట్టెతో ముడిపడింది. పది సెకన్ల పరుగులో మూడుసార్లు గేరు మార్చాలి. ప్రతిసారీ క్లచ్ తొక్కి, కర్రను లాగి, క్లచ్ వదలాలి. కర్ర దారి కూడా తిన్ననిది కాదు. రెండవ గేరు నుండి మూడవదానికి పోయేటప్పుడు పక్కకు జరిపి ముందుకు నెట్టాలి. ఆ సందులో కర్ర తడబడితే భారం తొలగిన ఇంజను ఒక్కసారిగా హద్దు మీరి తిరిగి పగిలిపోవచ్చు. జాగ్రత్త కోసం నెమ్మదిస్తే పక్క కారు ముందుకు పోతుంది. ఈ రెండు ప్రమాదాల నడుమ సాక్స్ ఎంత వేగంగా, ఎంత నిశ్చయంగా గేర్లు మార్చేవారంటే, గేరుకూ గేరుకూ మధ్య ఇంజను శబ్దంలో విరామం వినిపించేది కాదని నాటి ప్రేక్షకులు చెప్పుకునేవారు. ‘మిస్టర్ ఫోర్ స్పీడ్’ అన్నది ఆయనకు స్థిరపడిన బిరుదు.

ప్లిమత్ సంస్థ ఈ నైపుణ్యాన్ని పందెపు బాటకే పరిమితం చేయలేదు. సాక్స్, మార్టిన్‌లను ఊరూరా తన విక్రయశాలలకు పంపి, మామూలు కొనుగోలుదారులకు ఇంజను సర్దుబాటు, గేరు మార్చే పద్ధతి నేర్పే తరగతులు నడిపించింది. విజేత తన రహస్యాన్ని కారు కొనవచ్చిన వారందరికీ విప్పి చెప్పడమనేది ఏ క్రీడలోనూ తరచుగా కనబడదు. 1968లో క్రైస్లర్ కేవలం పందేల కోసమే కొద్ది సంఖ్యలో హెమీ బరకుడా కార్లను తయారు చేయించింది. బరువు తగ్గించేందుకు వెనుక సీటు తీసివేశారు, ముందుభాగంలో ఫైబర్‌గ్లాస్ వాడారు. ఇది రహదారిపై నడపడానికి ఉద్దేశించిన వాహనం కాదని కారులోనే ప్రకటన అతికించారు.

1970లో ఎన్.హెచ్.ఆర్.ఎ. ‘ప్రో స్టాక్’ అనే కొత్త తరగతిని ఆరంభించింది. మొదటి పోటీ తుదిపందెంలో సాక్స్‌ను ఓడించినవారు బిల్ జెంకిన్స్. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదువు మధ్యలో విడిచిన ఈయన చిటపటలాడే స్వభావం చేత ‘గ్రంపీ’ అని పేరొందారు. ఆ సంవత్సరాంతపు ప్రపంచ తుదిపోటీ మాత్రం సాక్స్‌దే. 1971లో జాతీయ పందేలలో అధిక భాగం ఆయనే గెలుచుకున్నారు.

ఒకే ఇంజను గెలుస్తూ ఉంటే ప్రేక్షకులు విసుగెత్తుతారు. 1972లో బరువు నియమాలను సవరించి, చిన్న ఇంజనుగల చిన్న కార్లకు వెసులుబాటు కల్పించారు. జెంకిన్స్ వెంటనే షెవర్లే వేగా అనే బుల్లి కారుతో వచ్చి ఆ ఏడాది తొలి పోటీలోనే నెగ్గారు. ఇది హెమీ వర్గంపై జరిగిన అన్యాయమని వాదించేవారు నేటికీ ఉన్నారు. ఈ రచయితకు ఆ వాదం పూర్తిగా రుచించదు. ఏడు లీటర్ల ఇంజను ఇచ్చిన ఆధిక్యం కూడా ఒక కంపెనీ కొనిపెట్టినదే కదా. అసలు దెబ్బ మరొక దిక్కు నుండి తగిలింది. 1970ల తొలి అర్ధభాగంలోనే లెంకో వంటి గేర్‌బాక్సులు ఈ తరగతిలోకి వచ్చాయి. వాటిలో గేరు మార్చడానికి క్లచ్ తొక్కనక్కరలేదు, మీటను లాగితే చాలు. సాక్స్ ఏళ్ల తరబడి సాధన చేసి సంపాదించిన ఆ లిప్తపాటు ఆధిక్యం, గేర్‌బాక్సు కొనగలిగిన ప్రతివానికీ దక్కింది.

సూరత్‌లో నివసించే మనకు ఇది వింతగా తోచదు. తెలంగాణ నుండి వచ్చి లింబాయత్ ప్రాంతంలో స్థిరపడిన మన పద్మశాలీ కుటుంబాలు, తెగిన పోగును కంటికి కనబడనంత వేగంగా ముడివేసే వేళ్ల పక్కనే వాటర్‌జెట్ మగ్గాలు వచ్చి నిలవడం చూశాయి. వజ్రం కోతలో లేజర్ ప్రవేశించినప్పుడు వరాఛా కార్ఖానాలలోనూ ఇదే జరిగింది. పనితనం పోలేదు; దానికి కట్టే వెల పోయింది.

1973 నాటి చమురు సంక్షోభంతో పెద్ద ఇంజన్ల కాలం ముగిసింది. క్రైస్లర్ పందేల ఖర్చును కుదించుకుంది. 1970ల నడుమ సాక్స్-మార్టిన్ జట్టు విడిపోయింది. సాక్స్ మాత్రం బాటను విడువలేదు. తన పేరు నిలిపిన పాత గేర్‌బాక్సు గాని, వెనుక నిలిచే కర్మాగారం గాని లేని కాలంలో, 1981లో, ఐ.హెచ్.ఆర్.ఎ. అనే మరొక సంస్థ నిర్వహించే ప్రో స్టాక్ విజేత పదవిని గెలుచుకున్నారు. అప్పటికి ఆయనకు నలభై మూడేళ్లు.

రానీ సాక్స్ 2006 ఏప్రిల్ 22న క్యాన్సర్ వ్యాధితో మరణించారు. 1968 నాటి ఆ హెమీ బరకుడాలు మాత్రం ఈ శతాబ్దంలోనూ ఇండియానాపోలిస్‌లో తమకంటూ కేటాయించిన తరగతిలో పందేలకు దిగుతూనే ఉన్నాయి.