పిల్లలను ఇంట్లో కట్టేయకండి, బయట మెలగడం నేర్పండి



సెలవులు రాగానే "బయటికి పోవద్దు, పురుగూ పుట్రా ఉంటాయి" అని పిల్లలను టీవీ ముందో, సెల్‌ఫోను ముందో కూర్చోబెడుతున్నాం. మన భయం సహజమే. కానీ మనం ఉండేది నల్లమల అంచున. కంభం చెరువు, గుండ్లకమ్మ మడుగులు, పొలం బావులు, పలకరాయి తవ్విన గుంటలు మన చుట్టూనే ఉన్నాయి. ఏదో ఒకరోజు పిల్లలు అటు వెళ్ళక మానరు. ఇంట్లో ఉంటే క్షేమమనీ చెప్పలేం. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారినే ఎక్కువగా కాటేస్తుంది. అందుకే దాచడం కన్నా నేర్పడం మేలని నా అభిప్రాయం.

ఉపన్యాసం పిల్లల చెవికెక్కదు, ఆట ఎక్కుతుంది. నల్లమలలోని చెంచు పిల్లలు పెద్దల వెంట తిరుగుతూనే అడవిని నేర్చుకుంటారు. మన పిల్లలకు ఈ నాలుగు ఆటలు చాలు.

మొదటిది చెట్టు ఆట. 1981లో అమెరికాలోని పాలోమార్ కొండ మీద తొమ్మిదేళ్ళ బాలుడు తప్పిపోయి చనిపోయాడు. ఆ తరువాత అక్కడివారు పిల్లలకు ఒకే మాట నేర్పసాగారు: దారి తప్పితే తిరగకు, ఒక చెట్టును పట్టుకొని అక్కడే ఉండు. దాగుడుమూతల్లో ఈ నియమం పెట్టండి. ఈల మూడుసార్లు ఊదడం కూడా నేర్పండి.

రెండవది పాము ఆట. పెద్దలు "పాము!" అనగానే అందరూ బొమ్మల్లా నిలబడి, మెల్లగా వెనక్కి అడుగు వేయాలి. తరువాత ఒకరికి కాటు పడినట్టు నటించాలి. అతణ్ణి పరుగెత్తనివ్వకూడదు. కాటు పడిన కాలు కదలకుండా బద్ద కట్టి, మోసుకొని రావాలి. బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని అంచనా. మంత్రం కోసం ఆగే ప్రతి గంటా ప్రాణం మీదికి తెస్తుంది. 108కి ఫోను చేయడం పిల్లలకూ రావాలి.

మూడవది చెరువు ఆట. నేలమీద ముగ్గుతో చెరువు గీయండి. లోపల ఒకరు మునుగుతున్నట్టు నటిస్తే, మిగిలినవారు గీత దాటకుండా కర్రో, చీరో, తాడు కట్టిన ఖాళీ క్యానో అందించి, కేకలు వేసి పెద్దలను పిలవాలి. ఒకరిని కాపాడబోయి మరొకరు దిగడం వల్లనే ఒకే ఇంట్లో రెండు ప్రాణాలు పోతున్నాయి.

నాలుగవది కాయల ఆట. అడవి ఆముదం, గన్నేరు, ఉమ్మెత్త, గురివింద కాయలను పెద్దలే చూపించి గుర్తుపట్టించాలి. పెద్దలకు చూపనిదే ఏ కాయా నోట పెట్టకూడదన్నదే ఆట నియమం. ఆట ముగిశాక పిల్లలచేత చేతులు కడిగించండి.

ఎండ ముదరకముందే, ఉదయం పూట, నీళ్ళ సీసాతో, పెద్దలు తోడుండగా ఆడించండి. దీనికి డబ్బు అక్కరలేదు. సండే స్కూలు టీచర్లకు నా మనవి: ఈసారి వి.బి.ఎస్.లో రోజుకు అరగంట ఈ ఆటలకు ఇవ్వండి. మా వార్డుకు ఆలస్యంగా వచ్చే పిల్లల్లో ఒక్కరు తగ్గినా ఆ అరగంట వృథా కాదు.

— నర్సింగ్ సూపరింటెండెంట్