వార్త - వర్తకం

వార్త అనే మాటకు అమరకోశంలో రెండు చోట్ల పీట వేశారు. ఒకచోట అది వృత్తాంతం. మరొకచోట జీవిక, అనగా బ్రతుకుతెరువు. కౌటిల్యుడు చెప్పిన నాలుగు విద్యలలోనూ వార్త ఒకటి. ఆయన లెక్కలో దాని అర్థం సేద్యం, పశుపాలనం, వర్తకం. పాఠంలో యీ సంగతి వస్తే పిల్లలందరూ వ్రాసుకున్నారు. బి.ఏ. మూడో సంవత్సరం అమ్మాయి ఒకతె మాత్రం నిఘంటువు దగ్గర ఆగలేదు. పత్రికల ధర్మం గురించి వ్యాసం వ్రాయమంటే, అందులో ఇలా అడిగింది: "వార్తలు వేసేవారు యీ రెండర్థాలలో దేనిని నమ్ముకున్నారు? మనకు దేనిని అమ్ముతున్నారు?"

ఇటువంటి ప్రశ్నకు మార్కులు వేయడం తేలికే. జవాబు చెప్పడమే కష్టం.

2009 ఎన్నికలలో అభ్యర్థుల దగ్గర సొమ్ము పుచ్చుకుని, వారి పొగడ్తలను వార్తలుగా అచ్చు వేశారన్న గొడవ దేశమంతటా లేచింది. దానికి 'పెయిడ్ న్యూస్' అని పేరు పడింది. విచారించడానికి ప్రెస్ కౌన్సిల్ ఇద్దరిని నియమించింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, రెండవవారు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. 2010లో వారు 71 పుటల నివేదిక ఇచ్చారు. అందులో పత్రికల పేర్లు కూడా వున్నాయి. కౌన్సిలు దానిని పూర్తిగా ప్రకటించక, క్లుప్తంగా ఒకటి వెలువరించి వూరుకున్నది. అసలుది బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసి వచ్చింది. పదిమంది గుట్టు విప్పవలసిన వృత్తికి సొంత గుట్టు మీద ఎంత మమకారమో చూడండి!

అదే 2011లో, ఉత్తరప్రదేశ్‌లో బిసౌలీ నుంచి ఎన్నికైన ఉమలేష్ యాదవ్ అనే శాసనసభ్యురాలిని ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హురాలిని చేసింది. వార్తల రూపంలో వచ్చిన ప్రచారానికి అయిన ఖర్చు ఆమె లెక్కల్లో చూపలేదు. ఖర్చు పెట్టినవారికి శిక్ష పడింది. మరి పుచ్చుకున్నవారి మాటేమిటని మా అమ్మాయి అడుగుతున్నది. న్యాయమైన ప్రశ్నే.

అలాగని ప్రకటనలే పాపమని ఆమె అనలేదు. చీరల కొట్టు ప్రకటన మనల్ని మోసగించదు. అది ప్రకటన అని మనకు తెలుసు. మనమిచ్చే రూపాయలతో పత్రిక ఖర్చు గడవదు గనుక, ఆ లోటు తీర్చేది ప్రకటనలే. తప్పంతా వేషంలో వున్నది. బేరం చేసేవాడు సాక్షి వేషంలో వస్తే అది వర్తకమూ కాదు, వార్తా కాదు.

ఇంతవరకూ మేమిద్దరం ఒక మాట మీదే వున్నాం. గట్టి చట్టం వస్తే అంతా చక్కబడుతుందని ఆమె ముగించింది. అక్కడ మాత్రం నాకు సందేహం. ఇప్పుడు వార్త పంచేవాడు పత్రికలవాడొక్కడే కాదు. ఫోనున్న ప్రతివాడూ సంపాదకుడే. 2018 జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో, పిల్లలనెత్తుకుపోయేవారని అనుమానించి అయిదుగురిని జనం కొట్టి చంపారు. వారు పొట్టకూటికి తిరిగే సంచారజాతివారు. పిల్లల దొంగలు తిరుగుతున్నారన్న పుకార్లు అప్పటికి ఫోన్ల మీద ఊరూరా పాకి వున్నాయి. చట్టం రాకపోలేదు, ఆ అయిదుగురూ పోయిన తరువాత వచ్చింది.

ఆ యేడే తెలంగాణలోనూ అటువంటి పుకార్లు పుట్టాయి. జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి తన పోలీసులను ముందుగానే గ్రామాలకు పంపారు. వారు ఊరివాళ్లను కూర్చోబెట్టి, పాటలు కట్టి పాడి, ఫోనులో వచ్చిందల్లా నమ్మవద్దని నచ్చజెప్పారు. లాఠీ కంటే ముందు పాట వెళ్లింది. నా మట్టుకు నాకు ధర్మం అంటే అదే. నష్టం జరగకముందే మేలుకోవడం.

కనుక ఆ పని ఇంటి నుంచే మొదలు కావాలి. కబురు వచ్చినప్పుడు 'ఎవరు చెప్పారు? చెప్పినవారికి ఎలా తెలుసు? దీనివల్ల ఎవరికి లాభం?' అని మూడు ప్రశ్నలు వేసుకోవడానికి ఎం.ఏ.లు అక్కరలేదు. కూరగాయల బండి దగ్గర ఒక్క వంకాయను నాలుగుసార్లు తిప్పి చూస్తాం. అందులో పుచ్చు వుంటే పాడయ్యేది ఒక పూట కూర మాత్రమే!